నొసలు లేని ఎద్దు

ఇది ఒక యుద్ధగాథ. ఇందులో ఆకలి ఉంది, అగ్ని ఉంది, రక్తం ఉంది. ఒక యువకుడు ఒంటిచేత్తో ఇనుప రాక్షసి గుండె చీల్చి, మళ్లీ అతికించి, దాన్ని తన చేలో పనికి కట్టుకున్న వైనం ఇది. కొంచెం సర్దుకుని కూచోండి.

సరే, అంత లేదు. అగ్ని అంటే సైలెన్సర్ తగిలి నా పిక్క కాలడం. రక్తం అంటే స్పానర్ జారి వేలు చెక్కుకుపోవడం. రాక్షసి మా నాయన పాత బైకు, పాలక్యాన్లు మోసి మోసి నడుం పోయింది. యువకుడు నేనే. ఆకలి ఒక్కటి మాత్రం నిజమయ్యేలా ఉండింది.

వేంపల్లెకు కొంచెం ఎడంగా మాకు నాలుగెకరాల శెనక్కాయ చేను ఉంది. ఆ ఏడు విత్తనం పడ్డాక వాన మొహం చాటేసింది. ఇక మొక్కలు పోయినట్టే అనుకునే వేళకు వచ్చి దంచింది. మా దిక్కు వాన పడితే పంట కంటే ముందు కలుపుకు సంబరం. గరికా తుంగా కలిసి మొక్కల్ని మింగడానికి లేచాయి. వాటిని కోయాలంటే సాళ్ల మధ్య గుంటక లాగాలి. గుంటక అంటే ఏం లేదు, మట్టి కింద కలుపు వేళ్లను కోసుకుంటూ పోయే ఇనుప పలక. అది నేలలో పదును ఉన్నప్పుడే దిగుతుంది. నాలుగు ఎండలు కాస్తే నేల పెంకు కట్టుకుపోతుంది, తర్వాత గుంటక లాగినా గోడ గీకినట్టే.

ఎద్దుల్ని ఎండాకాలంలోనే మేత లేక అమ్మేశాం. ఊళ్లో మిగిలిన జతలకు అప్పుడు పెండ్లికొడుకులకు కూడా లేని గిరాకీ. కూలోళ్లు అందరి చేలకూ ఒకేసారి కావాల్సొచ్చి, మాకు దొరకలేదు.

నాయన మంచం మీద కూచుని నింపాదిగా అన్నాడు: "ఈసారీ పోతే చేను కౌలుకిచ్చి మంగంపేట పోతా. ముగ్గురాయి గనిలో మనుషుల్ని తీసుకుంటాండారంట."

మా నాయనకు అగరుబత్తి పొగకే దగ్గొస్తుంది. ఆయన పోతాననేది గనిలో రాతిదుమ్ములోకి.  

అప్పటికి నేను బీకాం పూర్తి చేసి, ఉద్యోగం కోసం ప్రయత్నిస్తున్నాను. అంటే సెల్లులో వీడియోలు చూస్తున్నాను. ఒకదాంట్లో ఓర్వకల్లు దిక్కు రైతు ఒకాయన బైకు వెనక గుంటక కట్టి సాళ్లలో తోలుతున్నాడు. చూడ్డానికి శానా సులువుగా ఉంది. వీడియోలో అన్నీ సులువే. నేను గుండె ఆపరేషన్ కూడా చూశాను, చేయగలననే అనిపించింది.

అంతకుముందు నేను బైకుకు చేసిన మరమ్మతు ఒక్కటే, అద్దం తుడవడం. అలాంటిది వెనక చక్రానికి పెద్ద పళ్లచక్రం బిగించాను, వేగం తగ్గి లాగే బలం పెరగడానికి. కార్బ్యురేటర్‌లో జెట్టు మార్చాను, ఇంజన్‌కు పెట్రోలు కొంచెం ఎక్కువ అందడానికి. బరువు తగ్గాలని హెడ్‌లైట్ విప్పి మూలన పడేశాను. లాగే బండికి బరువే బలమని తర్వాత తెలిసి, వెనక సీటు మీద ఇసక మూట కట్టాను. హెడ్‌లైట్ మాత్రం మూలనే ఉండిపోయింది.

బండి చేలోకి దించేసరికి అమ్మ పళ్లెంతో వచ్చింది. కొత్త ఎద్దుల్ని గుంటకకు కట్టే ముందు నొసట పసుపు కుంకుమ పెట్టడం మా ఇంటి ఆచారం. బండి చుట్టూ ఒకసారి తిరిగింది.

"రేయ్, దీనికి నొసలు యాడ?"

"నొసలంటే హెడ్‌లైటే మా. పీకేసినా."

"నొసలు పీకేసినావా! శానా తెలివిగల్లోడివిరా." పళ్లెం ఇంకో చేతికి మార్చుకుంది. "పోనీ, మేత తినే నోరు యాడ?"

పెట్రోలు ట్యాంకు మూత చూపించాను. దాని మీద పసుపు ముద్దగా మెత్తి, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది.

నేను బండి ఎక్కాను. వెనక అమ్మ గుంటక పట్టుకుంది. కదిలింది! నిజంగానే కదిలింది. కలుపు వేళ్లు తెగుతున్న చప్పుడు విని గట్టు మీద నాయన లేచి నిలబడ్డాడు. కొన్ని సాళ్లు పోయాక బండి గుక్కపెట్టి దగ్గి, ఆగింది. దగ్గు అచ్చం మా నాయనదే.

పక్క చేలో ఎద్దులు తోలుతున్న మామ కేకేశాడు. "ఏమప్పా అల్లుడా, ఎద్దుకు కుడితి పెట్టలేదా?"

"ఉపాసం మామా, శనివారం."

మూత తీసి చూశాను. తుస్సుమంది, నా మీద అలిగినట్టు. పెట్రోలు బాగానే ఉంది. మూత పెట్టి, ప్లగ్గు విప్పి తుడిచి బిగించి కిక్కు కొడితే లేచింది. "ప్లగ్గే నాయనా!" అని అరిచాను, రోగం కనిపెట్టిన డాక్టరులా. అమ్మ మాత్రం మూత చూసి నెత్తి కొట్టుకుంది. నా నూనె వేళ్లకు బొట్టు చెదిరిపోయింది. మళ్లీ మెత్తింది.

కొన్ని సాళ్లు. మళ్లీ దగ్గు.

ఈసారి కార్బ్యురేటర్ విప్పాను. మూత తీసి పెట్రోలు చూశాను, జెట్టు ఊదాను, బిగించాను, లేచింది. కార్బ్యురేటరే అన్నాను. అమ్మ బొట్టు పెట్టింది. మళ్లీ ఆగింది. మూత తీసి చూసి, వాల్వుల సందు సరిచేశాను. లేచింది. వాల్వులే అన్నాను. బొట్టు. ఆగింది. నా మాట మీద నాకే నమ్మకం పోతోంది. గట్టు మీద నాయన మట్టి పిడికిట్లోకి తీసుకుని నొక్కి చూస్తున్నాడు. పొద్దున ముద్ద కట్టిన మట్టి, పొద్దు వాలేసరికి పగుళ్లిస్తోంది.

మరుసటి రోజు ఇంజన్ తలకాయే విప్పాను. యూరియా సంచి పరిచి దాని మీద ముక్కలన్నీ పేర్చాను.

"ఇవన్నీ మళ్లా దాంట్లోకే పోతాయా?" అంది అమ్మ.

"పోతాయి మా."

"అన్నీనా?"

"చూద్దాం."

మామ ఎద్దులు ఆపి మరీ వచ్చాడు. "శుభ్రంగా కడుగుతాండావే. కాటికి పంపే ముందు స్నానమా?"

  జోకులేసేవాడికి ఒక ఇబ్బంది ఉంది, నిజంగా ఏడుపొచ్చినా ఎవరూ నమ్మరు. నా కంట్లో నీళ్లు చూసి మామ, "పెట్రోలు పడినాదా, కడుక్కో అప్పా," అని తన ఎద్దుల దగ్గరికి పోయాడు.

తలకాయ కింద కొత్త గ్యాస్కెట్టు రేకు వేసి అన్నీ బిగించాను. కిక్కు కొట్టి కొట్టి మోకాలు పట్టేసింది. అలవాటుగా మూత తీసి చూసి, పెట్టి, ఇంకోసారి కొడితే లేచింది.  కొన్ని సాళ్లు. ఆగింది. ఇక విప్పడానికి ఏమీ మిగల్లేదు, నేను తప్ప.

నాయన పిడికిలి తెరిచాడు. మట్టి పొడిపొడిగా రాలింది.

"నాయనా, నా చేత కాదు," అన్నాను.

"సరేలే. నువ్వేం చేస్తావు." కండువా దులుపుకున్నాడు. "మంగంపేటకు పొద్దున బస్సు ఉంటాది."

అంతే. తిట్టినా బాగుండేది. నేను ఇసక మూటకు ఆనుకుని కూలబడ్డాను. అమ్మ మాత్రం పళ్లెం పట్టుకుని బండి దగ్గరికి పోయింది.

"ఇంకా దేనికి మా బొట్టు? సచ్చిపోయిందది."

"నువ్వు నోరు మూసుకో. పాతది పొరలు కట్టింది, కొత్తది నిలబడ్డంలే." గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి, ఎండిన పసుపును పెచ్చులు పెచ్చులుగా గీకింది. "రేయ్, ఈడ సన్న బొక్క ఉండాది. దీంట్లోకి గూడా పోయింది చూడు పసుపు."

పిన్నీసు లోపలికి దిగగానే బండి తుస్సుమని ఊపిరి తీసుకుంది.

ఆశ లేకుండానే కిక్కు కొట్టాను. లేచింది. ఒక సాలు, ఇంకో సాలు, గట్టు దాకా పోయి తిరిగింది, మళ్లీ పోయింది. ఆగలేదు. నేను ఇంజన్ చప్పుడే వింటున్నాను. వెనక అమ్మ ఏదో అరుస్తోంది, తర్వాత తెలిసింది, చెప్పు తెగింది ఆపమని. ఆపలేదు. పల్లంలో ఇంకా తడి ఉన్న చోటంతా, పొద్దు గుంకేలోగా తోలేశాం. మిట్ట మీద ముక్కలో మాత్రం పలక దిగలేదు. ఆ ముక్క ఆ ఏడు గరికకే రాసిచ్చేశాం.

తోలినంత మేర పంట నిలబడింది. నాయన బస్సెక్కలేదు. ఇంట్లోనే దగ్గుతూ, గుంటక ఇంకొంచెం లోతుగా పడి ఉండాల్సింది అని ఇప్పటికీ అంటాడు.

పెట్రోలు ట్యాంకు మూతకు గాలి పోవడానికి ఒక సన్న రంధ్రం ఉంటుంది. అది మూసుకుంటే, ఎవరో ఒకరు మూత తీసేదాకా పెట్రోలు కిందికి దిగదు. అప్పుడప్పుడు పిన్నీసుతో పొడుచుకుంటే చాలు.