చాదర్ కొస పట్టుకున్నవాణ్ణి

ఈ మాట నా గొంతులో ఇరుక్కుని ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను. మా ఆవిడతో చెప్పలేదు. పిల్లలతో చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. ఈ వయసులో నన్నెవరొచ్చి పట్టుకెళ్తారు? ఎవరూ రారు. అయినా తలుపు చప్పుడైతే ఉలిక్కిపడతాను.

నిజాం రాజ్యం మీద పోలీసు చర్య జరిగి కొన్ని నెలలైంది. సికింద్రాబాదు రెజిమెంటల్ బజారులో, ఒకే వాకిలి చుట్టూ నాలుగు వాటాలున్న ఇంట్లో మేము అద్దెకుండేవాళ్ళం. నేను కాలేజీలో చదువుతున్నాను. ఎదురు వాటాలో ఆపా ఉండేది. వాకిట్లో చిన్నాపెద్దా అందరికీ ఆమె ఆపానే, అంటే అక్కే. భర్తది రైల్వేలో లైన్ల మీద తిరిగే ఉద్యోగం, ఇంట్లో ఉండేది తక్కువ. ఆపాకు ఘోషా ఉండేది. ఆమె ఎక్కడికైనా వెళ్ళాలంటే గుమ్మం నుంచి టాంగా దాకా పెద్ద చాదర్ అడ్డం పట్టాలి. ఒక కొస టాంగావాడు, రెండో కొస నేను. పట్టుకున్నవాడు ముఖం అటు తిప్పుకుని నిలబడాలి. ఇది ఎవరూ నేర్పక్కర్లేని మర్యాద. టాంగా చుట్టూ కూడా పరదా కట్టి ఉండేది. దాని మీద చెయ్యి వెయ్యడానికి జవాన్లు కూడా జంకేవాళ్ళు. నేను తలెత్తి చూడనని ఆపాకు నామీద ఎంతో నమ్మకం.

ఒకసారి చూశాను.

ఆపా ముందు నడుస్తోంది. వెనకాల ఇంకో బుర్ఖా. ఒక కాలు నేల మీద ఈడుస్తున్న చప్పుడు వినపడి, నాకు తెలియకుండానే తల తిరిగింది. బుర్ఖా అంచు కింద మగవాడి పాదాలు. ఆ నడక నాకు తెలుసు. పండగలకు వచ్చే ఆపా తమ్ముడిది. అతను ఏదో తాలూకా కచేరీలో గుమాస్తా. గడబిడ రోజుల్లో తుపాకీ గుంపులతో కలిసి తిరిగాడని ఎవరో పేరు చెప్పారట, పోలీసులు వెతుకుతున్నారు. నిజంగా తిరిగాడా? నాకు ఇప్పటికీ తెలియదు. సోదాలు దగ్గరికొచ్చినప్పుడల్లా అతన్ని మెట్టుగూడలోని పిన్ని ఇంటికి, అక్కడ్నుంచి మళ్ళీ ఇక్కడికి ఇలా మారుస్తున్నారని మాత్రం అర్థమైంది. ఆ రోజుల్లో తీసుకుపోయినవాళ్ళంతా తిరిగి రాలేదు. అది వాకిట్లో అందరికీ తెలుసు.

ఇక సినిమా సంగతి. కాలేజీలో మాదొక గుంపు. మాలో ఒకడి మేనమామ మద్రాసులో స్టూడియోలో పనిచేస్తాడు, మంచి కథ ఉంటే పెద్దవాళ్ళకు వినిపిస్తానన్నాడు. అంతే, అందరికీ కథల పిచ్చి పట్టింది. స్టేషను దగ్గర ఇరానీ హోటల్లో కూర్చుని ఒకడు కథ చెప్పడం, మిగతావాళ్ళు చీల్చి చెండాడటం. నా వంతు వచ్చింది. నాది గుండెలదిరిపోయే కథ అని నా ధీమా. చెయ్యని నేరం మీదపడ్డ ఒకడు, ఊరంతా పహరా, వాడు తప్పించుకుపోవాలి. చెప్పాను. పకపకా నవ్వారు.

"ఏందిర గిది? గల్లిగల్లికి పోలీసోళ్ళుంటే వాడెట్ల బయటపడ్డడు? గాలిల ఎగిరిండా?" అన్నాడు మేనమామగారి మేనల్లుడు. "నాకైతే జెరంత సుత భయమైతలేదు."

అవునురా, ఆలోచిస్తానని అనొచ్చు కదా? అనలేదు. ఒళ్ళు మండిపోయింది. నోరు జారిందని ఇన్నేళ్ళూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. జారలేదు. నేనే తెరిచాను. చాదర్ అడ్డం పడతారనీ, పట్టినవాళ్ళు ముఖాలు తిప్పుకుంటారనీ, పరదా టాంగాను జవాన్లు ముట్టరనీ, లోపల బుర్ఖాలో కాలీడుస్తూ వాడు ఉంటాడనీ పూసగుచ్చినట్టు చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. "వారెవ్వా!" అని ఒకడు బల్ల చరిచాడు. ఎట్లా తట్టిందిరా నీకు అన్నారు. నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను. సరిగ్గా అప్పుడే పక్కబల్ల మనిషి చాయ్ సగంలో వదిలి లేచి వెళ్ళాడు. అతనెవరో నాకు తెలియదు. చాయ్ నచ్చలేదేమో.

బయటికి రాగానే నేనేం చేశానో అర్థమైంది. ఆ తర్వాత అన్నం సయించలేదు. ఖాకీ బట్ట కనిపిస్తే సందులోకి తిరిగేవాణ్ణి. ఆపాతో చెప్పేస్తే సరిపోయేది. వాకిలి దాటి, తలుపు అవతల నిలబడి, ఆయన్ని కదిలించొద్దు ఆపా అంటే చాలు. కానీ అలా అంటే నేను చూశానని తెలుస్తుంది. చూడటమే కాదు, నలుగురిలో చెప్పానని తెలుస్తుంది. ఆపా దగ్గర నా మంచి పేరు పోతుందన్న భయం ఒక మనిషి ప్రాణం కన్నా ఎక్కువైపోయింది నాకు. ఇంత నీచమైన భయం ఉంటుందా? ఉంది. నాలోనే ఉంది.

ఒక మధ్యాహ్నం తలుపు వెనక నుంచి ఆపా గొంతు వినిపించింది. జెర చాదర్ పట్టమంది. వెళ్ళాను. కొస పట్టుకున్నాను. ముఖం తిప్పుకున్నాను. కాలీడ్చే చప్పుడు నా వీపు వెనక నుంచి వెళ్ళింది. ఇప్పుడన్నా చెప్పు, ఇప్పుడన్నా చెప్పు అని లోపల ఎవరో కొట్టుకుంటున్నారు. టాంగా కదిలింది.

మెట్టుగూడ మలుపులో పోలీసులు టాంగాను అడ్డగించారు. పరదా ఎత్తడానికి ఒక ఆడమనిషిని కూడా వెంట తెచ్చుకున్నారట. అంటే ముందే తెలుసు.

తమ్ముణ్ణి పట్టుకుపోయి ఆపాను వదిలేశారు. ఆమె నడిచి ఇంటికొచ్చింది. ఎన్నడూ రోడ్డు మీద నడవని మనిషి. తిన్నగా మా గుమ్మం దగ్గరకొచ్చి నిలబడింది. ముసుగు వేసుకోవడం కూడా మరిచిపోయింది. నేను నేలచూపులు చూస్తున్నాను.

"తమ్మీ, నువ్వేమన్న చూసినవా? ఎవ్వరికన్న చెప్పినవా?"

"నేనేం చూస్త ఆపా? ముఖం అటు తిప్పుకొనే ఉంటగద."

ఆపా చాలా మెల్లగా అంది.

"అవు తమ్మీ. నువ్వు చూడవు, నాకెర్కే. పరేషాన్ల అడిగిన. నన్ను మాఫ్ చెయ్యి."

మాఫ్ చెయ్యమన్నది. నన్ను!

అతను తిరిగి రాలేదు. టాంగావాణ్ణి కొట్టి వదిలేశారు. కొన్నాళ్ళకు భర్తకు బదిలీ అయి ఆపా వెళ్ళిపోయింది. ఆ మద్రాసు మేనమామకు నా కథ ఎవరూ వినిపించలేదు, నేనూ మళ్ళీ కథ అనలేదు.

పక్కబల్ల మనిషి చెప్పాడేమో. మా గుంపులోనే ఒకడు ఇంట్లో అన్నాడేమో. నాతో పనిలేకుండానే వాళ్ళకు తెలిసిందేమో. ఇన్నేళ్ళూ ఈ 'ఏమో' చాటున దాక్కుని బతికాను. కానీ ఆ మధ్యాహ్నం నేను ఒక్క మాట అనుంటే అతను టాంగా ఎక్కేవాడు కాదు. ఇందులో 'ఏమో' లేదు.

మీరు నన్ను క్షమించాలని రాయలేదు. ఆ మాట ఆమె నన్ను అడిగింది. ఇక నేను ఎవర్ని అడగను? చూశాను. చెప్పాను. తెలిసి తెలిసి నోరు మూసుకున్నాను. ఆపా అడిగితే అబద్ధమాడాను. భయం పోలేదు, పోదు కూడా. ఒక్కరితోనైనా నిజం చెప్పాను, అంతే.