సున్నా వచ్చిన రోజు

తీగలు అతికించే వెండి లేపనం సీసా మూత తీస్తే గోళ్ళరంగు వాసన వస్తుంది. పరిశోధనశాలలో రోజూ పీల్చే వాసనే అయినా, ఈ ఉదయం దాని వెంటే ఎస్తేరు మేడమ్ గారు వచ్చి నా పక్కన నిలుచున్నట్టయింది. అమలాపురంలో మాకు డిగ్రీలో ఫిజిక్సు చెప్పేవారావిడ. ముమ్మిడివరం నుంచి బస్సులో వచ్చి, చెమట తుడుచుకుంటూనే ప్రాక్టికల్సు గదిలో అడుగుపెట్టేవారు. అనుకున్న రీడింగు వచ్చిందని మేం మురిసిపోతుంటే నవ్వేవారు.

“మీటరు నీకు చుట్టమేంటమ్మా, కోరుకున్నది చూపించడానికి? తీగలు మార్చి మళ్ళీ చెయ్యి.”

“ఆయ్, చేస్తానండి” అనేదాన్ని గానీ లోపల ఒళ్ళు మండేది. నా బస్సు వెళ్ళిపోతుందన్న బెంగ నాది. ఆవిడ బస్సు కూడా వెళ్ళిపోయేదని అప్పుడు తట్టలేదు.

తర్వాత నేను పరిశోధనలో చేరి, టంగ్‌స్టన్, బోరాన్ కలిపి చేసే ఒక పదార్థం వెంట పడ్డాను. బాగా గట్టి పదార్థాల్లో ఎలక్ట్రాన్లు చాలావరకు బిగిసి ఉంటాయి. అతివాహకంలో, అంటే బాగా చల్లబరిస్తే కరెంటును ఏ అడ్డూ లేకుండా పారనిచ్చే పదార్థంలో, అవి స్వేచ్ఛగా కదలాలి. ఈ రెండు గుణాలూ ఒకచోట దొరకడం అరుదు. నేను తయారుచేసిన ముక్క ఎంతో గట్టిదైన నీలం రాయిని కూడా గీరింది. చల్లబరిస్తే నిరోధం ఉన్నట్టుండి సున్నాకు పడిపోయింది! ఫెలోషిప్పు అయిపోవస్తోంది, ఈ ఫలితం లేకపోతే నా పరిశోధన అక్కడితో ఆగిపోతుంది. పత్రికకు వ్యాసం పంపేముందు, అప్పటికే రిటైరైన మేడమ్ గారికి చెబుదామని ముమ్మిడివరం వెళ్ళాను.

అంతా విని, తాగుతున్న టీ పక్కన పెట్టారు. “అయస్కాంతంతో చూసేవా?”

“లేదండి. సున్నా వచ్చేసింది కదండి.”

“వోల్టేజి కొలిచే తీగలు రెండూ ఒకదానికొకటి తగిలినా సున్నాయే వస్తుందమ్మా. అంత నున్నటి ముక్క మీద వెండి లేపనం ఏం పట్టుకుంటుంది? నిజంగా అతివాహకమైతే అయస్కాంత క్షేత్రాన్ని బయటికి గెంటేస్తుంది. అది చూడు.”

“గెంటకపోతే నా గతేంటండి?” ఏడుపు ఆపుకుంటూ అడిగాను.

“ఏమో తల్లీ, నేనేం చెప్పగలను? కానీ చూసే పంపు.”

దారంతా ఆవిణ్ణి తిట్టుకుంటూనే వెళ్ళి చూశాను. ముక్క అయస్కాంత క్షేత్రాన్ని గెంటలేదు. భూతద్దం కింద పెడితే, లేపనం ఊడి, చలికి ముడుచుకున్న ఒక తీగ పక్క తీగ మీద వాలి ఉంది. వ్యాసం పోయింది. ఫోన్ చేసి భోరుమన్నాను.

“అంతా పోయిందండీ మేడమ్.”

“కష్టంగానే ఉంటుందమ్మా. కానీ ఇకమీదట నువ్వు ‘వచ్చింది’ అంటే నేను నమ్మేస్తాను” అన్నారావిడ.

ఫెలోషిప్పు ముగిసింది. వేరే పరిశోధనశాలలో చిన్న ఉద్యోగం చేసుకుంటూ, చాన్నాళ్ళకు మరో ముక్క తయారుచేశాను. ఈసారి సున్నా వచ్చింది, అయస్కాంత పరీక్షా నెగ్గింది. మేడమ్ గారు అప్పటికి మంచం పట్టారు. ఫోనులో “వచ్చిందండి” అన్నాను. ఆవిడ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. “చాలా సంతోషమమ్మా” అన్నారంతే. అంత పెద్ద బహుమతి నాకు ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు.

ఇప్పుడావిడ లేరు. అయినా ఏ ఫలితమైనా నలుగురికీ చెప్పబోయే ముందు, ఆవిడతో ‘వచ్చిందండి’ అనగలనా అని నన్ను నేను అడుగుతాను. అనలేని రోజులే ఎక్కువ.