అనసూయక్క సర్దిపెట్టిన సంచి

రాయదుర్గం మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుండగా ఫోన్ మోగింది. మా టీమ్‌లో పనిచేసే సుష్మ. తెల్లవారుజామున అనసూయక్కకు గుండెపోటు వచ్చిందని, ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయిందని చెప్పింది. నా నోట వచ్చిన మొదటి మాట, "మరి శనివారం?" ముందురోజు మధ్యాహ్నమే కదా, క్యాంటీన్‌లో పెరుగన్నం కలుపుకుంటూ అనంతగిరి కొండలకు ఎవరు ఏం తేవాలో అక్క మాకు పంచిపెట్టింది. అలా పంచిపెట్టిన మనిషి లేదంటే బుర్రకు ఎక్కలేదు.

మా ఆఫీసులో ఆమె టెస్టింగ్ లీడ్. చదివింది మాత్రం భూగర్భశాస్త్రం. ఆ చదువుకు తగ్గ ఉద్యోగం దొరక్క సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చింది గానీ రాళ్లను వదల్లేదు. వానలు తగ్గాక వీలైన శనివారం మాలో కొందరిని వెంటబెట్టుకుని కొండలకు తీసుకెళ్లేది. డేరాలు వేసుకుని, వాగుల్లో రాళ్లు వెతికి, ఆదివారం సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్లం. "వాన కడిగినంక రాయి మొహం సక్కగ కనబడ్తది తమ్మీ" అనేది. మేడమ్ అని పిలిస్తే పలికేది కాదు.

ఆమె పుట్టింది కోకాపేటలో. చిన్నప్పుడు ఎక్కి జారిన రాతిగుండ్లు ఉన్నచోట ఇప్పుడు అద్దాల టవర్లు ఉన్నాయి. ఆ గుండ్లను పేల్చినప్పుడు వెళ్లి, ఒక చిన్న గ్రానైట్ ముక్క తెచ్చి మానిటర్ పక్కన పెట్టుకుంది. రిలీజ్ చెడిపోయి ఎవరైనా తలపట్టుకుని కూర్చుంటే ఆ ముక్కను తెచ్చి చేతిలో పెట్టేది. "జరసేపు పట్టుకో. వందల కోట్ల ఏండ్ల రాయి. ఇది ఫికర్ చేస్తలేదు, నువ్వెందుకు చేస్తున్నవ్?" నాకూ ఒకసారి ఇచ్చింది. ఏసీ గాలికి చల్లగా ఉంది. కోడ్‌లో తప్పు వెంటనే దొరకలేదు గానీ, దాన్ని వెతికే ఓపిక వచ్చింది.

నేను చేరిన మొదటి ప్రయాణానికి ప్రణాళిక వేసే పని నాకే అప్పగించింది. ప్రాజెక్టుకు వేసినట్టే వేశాను. అందరూ చూడగలిగే షీట్, వరుసకొక వస్తువు, దాని పక్కన బాధ్యత వహించేవారి పేరు. డేరాలు, నీళ్ల క్యాన్లు, టార్చిలైట్లు, కాళ్లకు మంచి బూట్లు, సుత్తులు, రాయి పగలగొట్టేటప్పుడు పెట్టుకునే కళ్లద్దాలు. మందుల డబ్బా ఒకటి పోతే ఉంటుందని రెండోది కూడా ఉంది. కొండ దిగువన తెలిసిన రైతు చేను పక్కన డేరాలు వేసి, పొయ్యికి రాళ్లు పేర్చి, పుల్లలు సర్దాక తెలిసింది, అగ్గిపెట్టె ఎవరి దగ్గరా లేదని. షీట్ తెరిచి చూస్తే అగ్గిపెట్టె వరుస ఉంది. చిన్న వస్తువే కదా అని దాని పక్కన పేరుకు బదులు 'అందరూ' అని రాశాను. ప్రతివాళ్లూ ఇంకొకరు తెస్తారనుకున్నారు.

అక్క తిట్టలేదు. రైతు ఇంటికి నడిచి వెళ్లి అగ్గిపెట్టెతో పాటు వేడి జొన్నరొట్టెలు కూడా తెచ్చింది. పొయ్యి ముట్టిస్తూ, "షీట్ల ఉన్నది, సంచిల లేదు" అని మాత్రం అంది. ఆ వాక్యం తర్వాత మా ఆఫీసు మీటింగుల్లో ఎన్నిసార్లు వినిపించిందో చెప్పలేను.

ఆమె పెట్టిన నియమం ఒక్కటే. ఆదివారం బయల్దేరే ముందు ఒక పాత నీలం దుప్పటి పరిచి, దొరికినవన్నీ దాని మీద పెట్టాలి. ఒక్కొక్కరు ఒక్క రాయే ఎంచుకుని, అదే ఎందుకో చెప్పాలి. మిగతావి దొరికిన వాగులోనే వదిలిరావాలి. ఒకసారి సుష్మకు తెల్లచారల అకీకు రాయి, అదే అగేట్, ఒకటి, లోపల స్ఫటికాలు మెరిసే గుండ్రాయి ఒకటి దొరికాయి. రెండూ ఇమ్మని బతిమాలింది. "రెండు తీస్కపోతే రెండూ డబ్బాల వడ్తయి. ఒకటి తీస్కపో, రోజూ చూస్తవ్" అంది అక్క. ఆ చారల రాయి ఇప్పటికీ సుష్మ కీబోర్డు పక్కనే ఉంది.

అక్క పోయాక ఆ శనివారం దాటిపోయింది. ప్రయాణం రద్దు అని ఎవరూ రాయలేదు, వెళ్దామనీ రాయలేదు. రాళ్లు తెలిసిన మనిషే లేనప్పుడు వాగులో మాకు అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఈ ఏడు ఆగితే మళ్లీ కదలమని అందరికీ తెలుసు. ఈ ప్రయాణం పక్కన కూడా 'అందరూ' అనే మిగిలిపోయింది.

పెద్దకర్మ అయ్యాక హఫీజ్‌పేట్‌లోని వాళ్లింటికి నేనూ సుష్మా వెళ్లాం. అక్క భర్త ప్రసాదరావు గారిది కాకినాడ వైపు, ప్రభుత్వోద్యోగం. నేల మీద పడుకుంటే నడుం పట్టేస్తుందని ఏనాడూ మాతో రాలేదు. ఆ నడుం మీద అక్క వేసిన జోకులు మాకందరికీ కంఠస్థం. ఆయన లోపలికి వెళ్లి, సర్ది ఉన్న సంచి తెచ్చి మా ముందు పెట్టారు. సుత్తి, కళ్లద్దాలు, నీలం దుప్పటి.

"ఇది ఎక్కడికి వెళ్లాలో మీకు తెలుసు కదండీ. తీసుకెళ్లండి" అన్నారు.

తీసుకెళ్లినా రాయిని గుర్తుపట్టేవాళ్లు లేరని చెప్పాను. ఆయన కిటికీ వైపు చూశారు. గట్టు పొడవునా రాళ్లు, ప్రయాణానికి ఒకటి చొప్పున. ఒకదాన్ని తీసి వెలుతురుకు పెట్టి, "దీన్ని ఇలా చూడాలండి, అంచు పలచగా మెరిస్తే అకీకు. ఇదేమో ఉత్త పలుగురాయి. కానీ దీన్ని వెతుకుతూ జారిపడిందట, అందుకని తెచ్చుకుంది" అన్నారు. ప్రతి ఆదివారం ఇంటికి రాగానే స్నానం కూడా చేయకుండా ఆయన్ని కూర్చోబెట్టి ఆ రాయి సంగతి చెప్పేదట. "సగం మర్చిపోయానండి. సగం ఉంది."

"ఆ సగంతో వచ్చేయండి సార్" అంది సుష్మ.

"నడుమో?"

"పరుపు మోసే బాధ్యత నాది" అన్నాను.

ఆయన నవ్వారు. ఆ వెంటనే కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

అనసూయక్క లాంటి మనిషి మాకు మళ్లీ దొరకదు. రాయిని చూసినంత శ్రద్ధగా మనిషినీ చూసి, వాడిలో ఎక్కడో ఒక మెరుపు ఉంటుందని నమ్మేవాళ్లు ఎక్కువమంది ఉండరు. మా కన్నీళ్లతో పాటు ఆమెకు ఇవ్వగలిగింది ఒక్కటే. ఈ శనివారం అనంతగిరికి వెళ్తున్నాం. ప్రయాణం పక్కన నా పేరు రాశాను. రావాలనుకునేవాళ్లు చెప్పండి. ఆదివారం దుప్పటి పరుస్తాం, ఒక్కొక్కరం ఒక్క రాయే తెచ్చుకుంటాం. ఆమె పేరు మీద ఒకటి ప్రసాదరావు గారు ఎంచుతారు.

అక్కా, నీ సంచి నా దగ్గరే ఉంది. అగ్గిపెట్టెను పాలిథిన్ కవర్లో చుట్టి పక్క జేబులో పెట్టావు. షీట్‌లో కాదు, చేత్తో తడిమి చూశాను.