మంచిగున్నదాన్నే విప్పి చూసే రాజలింగు

కేసముద్రం రాజలింగుకు ఒకటే పిచ్చి. చెడిపోనిదాన్ని బాగుచేయడం.

మార్కెట్ యార్డు ఎదురుగా ఆయనది మోటార్లు బాగుచేసే దుకాణం. ఆగిపోయిన మోటారు తెస్తే ముఖం మాడ్చుకుని, "నడిచేటప్పుడు తేవొద్దా?" అని రైతును కసురుతాడు. ఒకసారి ఇంట్లో బ్రహ్మాండంగా తిరుగుతున్న ఫ్యాను విప్పాడు. ఆ వేసవంతా ఇల్లు విసనకర్రలతో గడిచింది. "లోపల ఏమున్నదో తెలిసింది గద!" అన్నాడే తప్ప కొంచెమైనా సిగ్గుపడలేదు.

మనుషుల్నీ వదలడు. పత్తి పనులు తీరగానే చుట్టాలందర్నీ వ్యానెక్కించి హనుమకొండ దవాఖానకు తీసుకుపోతాడు.

"ఏం తకలీఫ్ ఉంది పెద్దయ్యా?" అని నర్సు అడిగితే, "ఏం లేదమ్మా. ఏం లేదని చూపెట్టుకోనీకి వచ్చినం" అంటాడు.

ఈసారి వ్యానులో కిటికీ పక్కన తమ్ముని భార్య సునంద బిగుసుకుని కూర్చుంది. చాలా ఏళ్ల కింద క్యాన్సర్ వచ్చి ఆమెకు ఒక రొమ్ము తీసేసి, ఆ చోట జెల్ నింపిన ఇంప్లాంటు పెట్టారు. ఇంట్లోవాళ్లకు తప్ప ఆ సంగతి మూడో కంటికి తెలియదు. తెలిస్తే ఊళ్లో చూపులన్నీ అక్కడే వాలతాయని ఆమె భయం. ఈ ఏడు స్కాన్ చేయాలని డాక్టరమ్మ ముందే చెప్పింది.

"నొప్పి లేదు, వాపు లేదు. స్కాన్ ఎందుకక్కా?" అని రాజలింగు భార్య, తన యారాలు యాకమ్మ చెవిలో గొణిగింది.

తమ్ముని భార్య ఒంటి సంగతి బావ నోటెత్తి మాట్లాడరాదు. అందుకని రాజలింగు ముందు సీట్లోంచి తల తిప్పకుండా పెళ్లాంతో అన్నాడు. "యాకమ్మా, మోటారు మొత్తుకున్నంకనే చూడాల్నా? లోపల పొర పోయినా కొన్ని మోటార్లు సప్పుడు చేయవు."

"మా బోరు మోటారు సంగతా లింగన్నా?" అని వెనకనుంచి ఎవరో కంగారుపడ్డారు.

దవాఖానలో సునందను పెద్ద గొట్టంలాంటి మిషనులో బోర్లా పడుకోబెట్టారు. లోపల మిషను ఒకటే దడదడ చప్పుడు. మళ్లీ అదే రోగం వచ్చిందంటే పిల్లల గతేమిటి? కదలొద్దన్నారని భయాన్ని కూడా పళ్ల మధ్య బిగబట్టింది.

డాక్టరమ్మ స్కాన్ చాలాసేపు చూసింది. "క్యాన్సర్ ఏం లేదమ్మా. కానీ ఇంప్లాంటు చిట్లింది. దాని చుట్టూ ఒళ్లే కట్టుకున్న పొర వల్ల జెల్ బయటికి పోలేదు."

"నాకు నొప్పే లేదు గద మేడం!"

"చాలామందికి ఉండదు. ఇవి జన్మంతా ఉండేవి కావు. అందుకే బాగున్నా కొన్నేళ్లకోసారి చూడాలి. ఆపరేషన్ చేసి తీసేద్దాం. కొత్తది కావాలో వద్దో నువ్వే ఆలోచించుకో."

బయటికి వచ్చి బల్ల మీద కూర్చుని సునంద యాకమ్మ భుజం మీద వాలిపోయింది. "ఆపరేషనంటే ఊరంత చూడనీకి వస్తది. దేనికని అడిగితే ఏం చెప్పాలె? నేను చేయించుకోనక్కా."

"పిచ్చిదానా! ఇన్నేండ్ల సంది గీ మందినంత మా ఆయన ఎందుకు తోలుకొస్తున్నడు? నువ్వొక్కదానివి వస్తే అడుగుతరని. మందిల కలిసొస్తే ఎవ్వరడుగుతరు?"

సునంద తల ఎత్తింది. పిచ్చి బావ అని ఎన్నిసార్లు నవ్వుకుందో!

కొద్ది దూరంలో అంతా విన్న రాజలింగు గోడకు చెప్తున్నట్టుగా గొంతు సవరించుకున్నాడు. "యాకమ్మా, నాకు గజ్జల్ల చిన్న హెర్నియా ఉన్నదని ఇందాక చెప్పిండ్రు. జల్దీ ఏం లేదన్నరు. ఆపరేషన్ చేయుమని నేనే ఒప్పించిన. మరదలికి ఏ రోజు చేస్తరో నాకూ గా రోజే. ఆమె నాకు తోడొచ్చిందని చెప్పుదం. ఊరోళ్లందరు నా మంచం కాడికే వస్తరు. అడగనోళ్లకు కూడ కుట్లు చూపెడుత!"

"గజ్జల్ల కుట్లు చూపెడతవా? సిగ్గులేదయ్యా నీకు!" అని యాకమ్మ మీదికి లేచింది.

సునంద కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. కళ్లు తుడుచుకుని లేచి, "పా అక్కా, డాక్టరమ్మను తారీఖు అడుగుదం" అంది.