పుస్తకానికి మునుం పట్టిన యేడు

మునుం అంటే కలుపు తీసేటప్పుడు ఒక్క మనిషి పట్టే సాళ్లు. నాలుగో ఐదో, ఎవరి మునుం వాళ్లది. చేను మొత్తం చూస్తే గుండె జారుతది. నీ మునుం వరకే చూస్కుంటే చెయ్యి నడుస్తది. నాకు తెల్సిన చదువు అదొక్కటే. సంతకం గూడ తర్వాత బిడ్డనే నేర్పింది.

ఆ యేడు తెలంగాణ కావాలని పోరగాండ్లు రోడ్ల మీదికొచ్చిండ్రు. చేవెళ్లల బడి మూసిండ్రు. బస్సు ఒకనాడు వస్తే రెండు రోజులు రాదు. దానికి కొన్ని దినాల ముందే మా ఆయన బాయిల పూడిక తీస్తుంటే ఒడ్డు మీద కూలి సచ్చిపోయిండు. అందరు ఏడువు ఏడువు అన్నరు. నాకు రాలే. వండిన, పెట్టిన, పనికి పోయిన. ఇప్పుడు చెప్తుంటే గూడ ఎవరి సంగతో చెప్పినట్టే ఉన్నది.

బిడ్డ పదో తరగతి. పాసైతే మిషన్ దవాఖానల నర్సు చదువుకు తీస్కుంటరు. మా బావ, ఆయనకు అన్న, ముడిమ్యాల నుంచి వచ్చి గడపల కూసున్నడు.

"బడే లేదు, ఇంక చదువేంది? షాబాదుల సంబంధమున్నది. ఈసారి పాస్ గాకుంటే ఖాయం చేస్త."

"పాసైతే?"

"పాసైతే నాకేం, ఊరందరికి సూదులు పొడుచుకోమను."

నేను సరే అన్న. ఎట్ల పాసైతదో నాకేం తెల్సు.

పిల్ల పుస్తకాలన్ని ముందటేస్కొని కూసునేది. ఒకటి తెరుస్తది, మూస్తది, ఇంకోటి తీస్తది.

"ఏం చేస్తున్నవే?"

"అన్ని చదవాలె అవ్వా."

"అన్ని అంటే ఏడికెల్లి పడతవ్? మునుం పట్టు."

పుస్తకాలు నా ముందటికి గుంజుకున్న. దినానికి గోరు మందం కాయితాలు అనుకొని, గోరు మందానికొక చీపురు పుల్ల పెట్టుకుంట పోయిన. పుల్లకొక సున్నం బొట్టు గోడకు పెట్టిన. ఆ పుల్ల దాకా చదివితే బొట్టు మీద మసి రాయాలె.

తెలుగు, సాంఘికం మంచిగనే నడిచినయి. లెక్కల పుస్తకంల ఒక్క పుల్ల కాడ మూడు దినాలు ఆగింది. నేను కసిరిన.

"నువ్వు మందం కొలిచినవ్ అవ్వా. లోపటేమున్నదో నీకు తెల్వదాయె" అన్నది.

తెల్లారి చేన్ల నా సాళ్లల్లనే తుంగ తగిలింది. తుంగకు గడ్డ లోపట ఉంటది, పైన పీకితే మళ్ల లేస్తది. నేను ఎనుకబడ్డ. పక్క ముసలామె తన సాళ్లు అయినంక, నా సాళ్లల్లకొచ్చి కూసుని తొవ్వింది. మా దిక్కు అట్లనే చేస్తరు. ఒక్కదాన్ని ఇడిచిపెట్టి ఒడ్డెక్కరు.

ఇంటికొచ్చి లెక్కల పుస్తకంల పుల్లలన్ని పీకిన.

"తుంగ ఏడేడున్నదో నువ్వే చూపియ్యి."

తిప్పి తిప్పి చూపించింది. తుంగ ఉన్నకాడ దినానికి ఒక్క కాయితం, సాఫ్ ఉన్నకాడ రెండు గోళ్లు. పుల్లలు ఈసారి అదే పెట్టుకున్నది. ఆ తుంగ కాయితాలు పట్టుకొని ఐతారం ప్రార్థన అయినంక చర్చి పంతులమ్మ దగ్గర కూసునేది. పంతులమ్మ ఒకసారి ఇంటికొచ్చి గోడ చూసింది.

"ముగ్గు గోడెక్కిందేందమ్మా?"

"పిల్ల పరీక్ష అది" అన్న.

బొట్లన్ని నల్లగైన వారానికి తెల్సింది, పరీక్షలు ఇప్పట్ల లేవని. పిల్ల ఏడ్చింది. "అన్ని మర్చిపోత" అన్నది. నేను సున్నం కలిపి మసి బొట్ల మీద మళ్ల తెల్ల బొట్లు పెట్టిన.

"రెండో కలుపు అలుకగ ఉంటది. తుంగ ఒక్కటే చూస్కో."

ఎప్పుడు పెడితే అప్పుడు రాసింది. పాసైంది.

బావ వచ్చిండు. గోడ దిక్కు చూసిండు. "షాబాదోళ్లకు ఏం చెప్పాలె ఇప్పుడు?"

"పాసైందని చెప్పు."

మొయినాబాద్ దాకా పోయి, పెట్టెతోని పిల్లను నర్సు చదువుకు బస్సెక్కిచ్చిన. ఇంటికొచ్చి గోడ ముందట నిలబడ్డ. ఇప్పుడన్న ఏడుపొస్తదేమో అనుకున్న. రాలే. మిగిలిన పుల్లలు ఏరి పొయిల ఏసి, అన్నం వండుకున్న.