నాయిస్ లేని కల్యాణం

మా గుడి కమిటీ సీతారాముల కల్యాణాన్ని హెచ్‌డీ కెమెరాతో తీయించాలని తీర్మానించిన ఏడాదే మా అత్తమ్మ తుంటి ఎముక విరిగి మంచాన పడింది. కాళ్లు ఆగాయి గానీ చేతులు ఆగలేదు. ఎప్పటిలాగే తలంబ్రాల కోసం వడ్లను రోకలి తగలనివ్వకుండా గోటితో ఒలిచి, విరిగినవి ఏరేసి గుడికి పంపింది. రామనామం చెప్తూ ఒలవాలని నియమం. మధ్యలో పక్కింటావిడకు నా మీద చాడీ చెప్పాల్సి వస్తే చేతిలో గింజ పక్కన పెట్టి, చాడీ ముగించి, మళ్లీ నామం అందుకునేది. నియమం అంటే నియమమే.

"ఈసారి పోలేకపోతి. టీవీలనన్న నా బియ్యం స్వామి నెత్తిన పడుతుంటె చూడాలె" అని ఒకటే మాట.

మొఘల్‌పురాలోని మా పాత గుడి మండపంలో పట్టపగలే చీకటి. పెద్ద లైట్లు పెడితే స్వామికి వేడి చేస్తుందని పూజారి అయ్యగారు ఒప్పుకోలేదు. దాంతో దీపాల వెలుగులోనే తీశారు. స్వామి ముఖం మీద, అమ్మవారి చీర మీద, భక్తుల మీద ఎవరో సన్నటి ఇసుక ఆగకుండా చల్లుతున్నట్టు వచ్చింది వీడియో.

సత్సంగంలో రామాయణం చెప్పేదాన్ని కనుక వీడియోకు వ్యాఖ్యానం నాకు అప్పగించారు. అందుకని సంతోష్‌నగర్ స్టూడియోకు వెళ్లాను. మా కమిటీ అధ్యక్షులవారూ అక్కడే ఉన్నారు. ఉద్యోగం మీద కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన పెద్దమనిషి. శుభ్రత కోసం గుడి రాతి నేల మీద బాత్రూం టైల్స్ పరిపించిన మహానుభావుడు.

"దీన్ని నాయిస్ అంటరక్కా" అన్నాడు ఎడిటింగ్ చేసే భాయ్. "గిట్లనే డీవీడీ చేస్తే ఈ చుక్కలు గూడ బొమ్మనే అనుకుంటది కంప్యూటర్. డిస్కుల జాగంత వాటికే పోతది. స్వామి మొకం డబ్బాలు డబ్బాలయితది. ముందుగాల చుక్కలు కడగాలె."

"కడిగేయండి! టీవీ చానల్లో వచ్చినట్టు ఉండాలండీ" అన్నారు అధ్యక్షులవారు.

"ఫిల్టర్ ఎంత పెట్టమంటరు సార్? మరీ ఎక్కువ పెడితే..."

"ఫుల్లుగా పెట్టండి. దేవుడి పనిలో పిసినారితనం ఏంటండీ?"

ఏది బొమ్మో ఏది చుక్కో దానికెలా తెలుస్తుందని అడిగాను. "ముందు ఫ్రేముల, ఎనుక ఫ్రేముల ఉన్నదాన్ని ఉంచుతది. గిట్ల వచ్చి గట్ల పోయేదాన్ని తుడుస్తది" అన్నాడు భాయ్.

అధ్యక్షులవారి ముఖం వెలిగిపోయింది. "చూశారామ్మా! ఉండేది సత్యం, వచ్చిపోయేది మాయ. మీరు చెప్పే వేదాంతమే కదండీ!"

వేదాంతం ఇంత సులువుగా మౌస్ నొక్కితే వస్తుందని తెలిస్తే మా గురువుగారి ముందు అన్నేళ్లు చాప మీద కూర్చునేదాన్ని కాదు.

డీవీడీలు వచ్చాయి. అత్తమ్మను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి డిస్కు పెట్టాను. ఎంత శుభ్రమో! అయ్యగారి ముఖం మైనం బొమ్మలా నున్నగా ఉంది. హారతి పళ్లెం ఉంది, కర్పూరం పొగ లేదు. తలంబ్రాల వేళ అయ్యగారు దోసిలి ఎత్తి తెరిచారు. ఏమీ రాలలేదు. స్వామి తల మీద పసుపు కుప్ప మాత్రం దానంతటదే మొలిచినట్టు పెరుగుతోంది.

"ఏమే, నా బియ్యమేవే? అయ్యగారు ఉత్త చేతులు దులుపుతుండేంది?"

"పడ్డయత్తమ్మా. నేను కండ్లార చూసిన."

"నువ్వు చూసినవు. మరి నేను?" అని గోడవైపు ముఖం తిప్పుకుంది. ఆ పూట అన్నం ముట్టలేదు.

అధ్యక్షులవారికి ఫోన్ చేశాను. "నాలుగు గింజలు కనపడకపోతే ఏమైందమ్మా? భావం ముఖ్యం కదండీ. ఎంత క్లీన్‌గా వచ్చిందో చూశారా?"

"సార్, రాముడు గూడ వచ్చి పోయినోడే. అవతారమంటే అదే కద. మీ ఫిల్టర్‌కు దొరికితే ఆయన్నీ తుడుస్తది" అన్నాను.

ఆయనకు హఠాత్తుగా మీటింగ్ గుర్తొచ్చింది.

నేరుగా స్టూడియోకు వెళ్లాను. అదృష్టం, కడగని వీడియో ఇంకా కంప్యూటర్‌లోనే ఉంది. "ఫికర్ చెయ్యకక్కా. తలంబ్రాల కాడ ఫిల్టర్ తీసేస్త" అన్నాడు భాయ్.

"మొత్తం తీసెయ్యి. ఇంకేమేం తుడిచిందో ఎవరికెరుక."

"చుక్కలు మస్తుంటయి. ఒక్క డిస్కుల జాగ చాలది."

"రెండు డిస్కులు చెయ్యి."

కొత్త డిస్కు పెట్టగానే గణపతి పూజ నుంచే తెర నిండా చుక్కలు. అత్తమ్మ దిండు మీంచి ముందుకు వంగింది. "చూసినవా! అయ్యగారు ఇంక దోసిలే పట్టలే, అప్పుడే పడుతున్నయి! గా కమిటీ సారు బట్టతల మీద చూడు, ఎన్ని పడుతున్నయో!"

అది నాయిస్ అని చెప్పడానికి నోరు తెరిచాను. శాస్త్రం చదివినవాళ్లకు ఎదుటివాళ్లను సరిదిద్దే దురద ఒకటి ఉంటుంది. ఈలోగా అయ్యగారు దోసిలి తెరిచారు. ఈసారి పసుపు ధార తళతళమంటూ స్వామి తల మీదికి జారింది. చుట్టూ చుక్కలు, మధ్యలో తలంబ్రాలు. ఏవి ఏవో నాకూ తెలియలేదు.

అత్తమ్మ చేతులు జోడించింది. ధార ఆగాక నావైపు తిరిగింది.

"గింతగనం ఒలిచిన్నానే నేను?"

"ఒలిచిన్రత్తమ్మా" అని రెండో డిస్కు పెట్టాను.