తల కదిపితే జరిగే గీత

ఉక్కు కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్‌లో పనిచేసి రిటైరైన సీతారామాంజనేయులుకి ఇంట్లో ఊరికే కూర్చోవడం చేతకాలేదు. తణుకు దగ్గర పుట్టి, ఉద్యోగం కోసం కుర్రతనంలోనే విశాఖ వచ్చేసిన మనిషి. బతుకంతా ప్రెషర్ గేజిల మధ్య, మీటర్ల మధ్య గడిచిపోయింది. గోపాలపట్నంలో ఇల్లు కట్టుకున్నాక భార్య పుష్ప ముందు గదిలో రెండు మిషన్లు వేసి, చుట్టుపక్కల ఆడవాళ్ళకి కుట్టు నేర్పుతూ క్షణం తీరిక లేకుండా ఉండేది. ఆంజనేయులు మాత్రం పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేసి, మళ్ళీ మొదటి పేజీ తిప్పేవాడు.

ఆ పరిస్థితి చూడలేక, ప్లాంటులో క్రేన్ ఆపరేటర్‌గా పనిచేసిన పైడయ్య ఒకరోజు వచ్చి చెయ్యి పట్టుకు లాక్కుపోయాడు.

"మార్కెట్ ఎనకాల ఎయిర్ రైఫిల్ క్లబ్బు ఎట్టేరు బావా. నాను రోజూ పొద్దున్నే ఎల్తన్నాను. ఓపాలి సూసి, నచ్చకపోతే మానెయ్."

అది ఒక ఫంక్షన్ హాలు వెనక రేకుల షెడ్డు. ఒక చివర బల్లలు, పది మీటర్ల దూరంలో రెండో చివర కాగితం అట్టలు, అట్ట మధ్యలో నల్లటి చుక్క. గాలి ఒత్తిడితో పేలే తుపాకీలు కాబట్టి పెద్దగా చప్పుడు లేదు. ఊపిరి సగం వదిలి, ఆపి, వేలు మెల్లగా నొక్కడం. ఆ నిశ్శబ్దం ఆంజనేయులుకి మొదటి రోజే నచ్చింది. కాకపోతే తుపాకీ కొననున్న గురి ఆయన కళ్ళకి సరిగ్గా ఆనేది కాదు. వయసు మీరిన సభ్యుల కోసం క్లబ్బులో స్కోపు విభాగం ఒకటి ఉంది. స్కోపంటే తుపాకీ మీద బిగించే చిన్న దుర్భిణి, లోపల సన్నటి గీతలతో ప్లస్ గుర్తు. ఆయనా ఒకటి తెప్పించుకున్నాడు. పరికరాలు బిగించడం తన పనే కదా అని, ఎవరినీ అడక్కుండా తనే బిగించుకున్నాడు.

మొదట్లో బాగానే ఉంది. తర్వాత తర్వాత తూట్లు చెదిరిపోసాగాయి. ఒకరోజు అన్నీ ఒకే చోట గుప్పెడు ఆవాలు పోసినట్టు పడేవి. మర్నాడు అట్టంతా చెల్లాచెదురు. ముందు తుపాకీలో వేసే సీసం గుళ్ళని, ఆ పెల్లెట్లని తిట్టుకున్నాడు. తర్వాత షెడ్డులో తిరిగే ఫ్యాన్‌ని అనుమానించాడు. ఫ్యాన్ ఆపించినా అంతే. అప్పుడొక ఉదయం తన కుడిచెయ్యి ఎత్తి, వేళ్ళు చాపి, వాటి వంక చూసుకున్నాడు.

వాళ్ళ నాన్నకి సరిగ్గా ఈ వయసులోనే బొటనవేలితో మొదలైంది వణుకు. పార్కిన్సన్స్ అన్నారు. చివరికి ఆయన గ్లాసు పట్టుకోలేకపోయేవాడు. ముద్ద కలిపి నోట్లో పెట్టింది ఆంజనేయులే.

ఆనాటి నుంచి రోజూ బాత్రూంలో తలుపు వేసుకుని చెయ్యి చాపి చూసుకోవడం అలవాటైంది. చూస్తున్నకొద్దీ వేళ్ళు కదులుతున్నట్టే అనిపించేది. టీ కప్పు ఎడంచేత్తో పట్టుకోవడం మొదలుపెట్టాడు. అంతకుముందు పుష్ప మిషన్ సూదిలో దారం ఎక్కించేది ఆయనే. ఇప్పుడు పిలిచినా ఏదో పని చెప్పి తప్పించుకునేవాడు.

"ఏవండీ, సూది ముట్టుకోవట్లేదేంటి ఈ మధ్య?" అని అడిగింది ఆవిడ.

"కళ్ళు ఆనట్లేదు."

"కళ్ళు ఆనకపోతే తుపాకీ ఎలా కాలుస్తున్నారు మరి?"

ఆయన చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఒక ఆదివారం పొద్దున అట్ట మరీ ఘోరంగా వచ్చింది. ఒక తూటు నల్లచుక్క దాటి తెల్లకాగితంలో పడింది. ఆంజనేయులు తుపాకీని సంచీలో పెట్టేస్తూ, "ఇక మానేస్తానురా పైడయ్యా" అన్నాడు.

"ఏటయింది బావా? నాకు రోజూ అలాగే పడతాయి. నాను మానేసేనా?"

పక్క బల్ల దగ్గర ఎవరికో నేర్పిస్తున్న సుమయ్యా అది విని వచ్చింది. పాతనగరంలో గడియారాల కొట్టు నడిపే మొహియుద్దీన్ గారమ్మాయి. రాష్ట్రస్థాయి పోటీల్లో ఆడి, ఇప్పుడు ఇక్కడ కోచ్‌గా ఉంటోంది. ఆంజనేయులు చాలాసేపు తటపటాయించి, పైడయ్య నీళ్ళు తాగడానికి వెళ్ళాక, చెప్పాడు.

"చెయ్యి వణుకుతోందమ్మా. మా నాన్నకీ ఇలాగే వచ్చింది."

ఆమె ఓదార్చలేదు. సంచీలోంచి తుపాకీ తీయించి, గుండు లేదని రెండుసార్లు చూసుకుని, బల్ల మీద ఇసుక మూటల మధ్య అది కదలకుండా గట్టిగా ఇరికించింది.

"అంకుల్, సేతులు ఎనక్కి ఎట్టుకోండి. తుపాకీ ముట్టుకోకండి. కన్ను మాత్రం ఎట్టి సూడండి. గీత ఎక్కడుంది?"

"చుక్క మధ్యలో."

"ఇప్పుడు తల రవ్వంత పైకెత్తండి. ఇప్పుడు కిందకి దించండి."

ఆంజనేయులు తల ఎత్తాడు. గీత చుక్క మధ్యలోంచి మెల్లగా జరిగి అంచుకి వెళ్ళింది. దించాడు. అటువైపు అంచుకి వెళ్ళింది. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ దించాడు. కన్ను తీసి తుపాకీ వంక చూశాడు. ఇసుక మూటల మధ్య అది రాయిలా పడి ఉంది.

"తుపాకీ కదిలిందేటి?"

"లేదు."

"మీ సెయ్యి దాని మీద ఉందేటి?"

"లేదమ్మా" అని, ఆయన అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయాడు.

సుమయ్యా పక్కనే నిలబడి చెప్పుకుంటూ పోయింది. అట్ట బొమ్మ స్కోపు లోపల ఒక చోట పడుతుంది. గీత ఉండేది ఇంకో చోట. రెండిటి మధ్యా సందుంటే, కన్ను జరిగినప్పుడల్లా గీత కూడా బొమ్మ మీద జరిగినట్టు కనిపిస్తుంది. ఈ మధ్య ఆయనకి మెడ పట్టేస్తుండడం ఆమె చూస్తూనే ఉంది. ఒకరోజు చెంప పైకి ఆనుతుంది, ఒకరోజు కిందకి. అందుకే ఒకరోజు తూట్లు కలిసి పడతాయి, ఒకరోజు చెదురుతాయి.

ఆంజనేయులు తల ఎత్తాడు. "గేజి ముల్లుకీ వెనకున్న అంకెలకీ మధ్య సందున్నట్టు. పక్కనుంచి చూస్తే తప్పు రీడింగు వస్తుంది. అందుకే కొన్ని మీటర్లలో ముల్లు వెనక అద్దం పెడతారు."

"అదే అంకుల్. పారలాక్స్ అంటాం మేము."

"మేమూ అదే అంటామమ్మా. కొత్తగా చేరిన ప్రతివాడికీ నేనే నేర్పేవాణ్ణి" అని నవ్వేశాడు. చాలా రోజుల తర్వాత నవ్వడం.

స్కోపు పక్కన ఒక గుండీ, దాని చుట్టూ దూరాల అంకెలు ఉన్నాయి. స్కోపు కొన్నప్పుడు అది యాభై మీటర్ల దగ్గరుంది. దాన్ని ఆయన అలాగే వదిలేశాడు. బొమ్మ మసకగా ఉంటే వయసు అనుకుని, కంటి దగ్గరున్న రింగు తిప్పి సర్దుకునేవాడు. సుమయ్యా ముందుగా ఆయన చేత తెల్లగోడ వైపు చూపించి, గీత ఒక్కటే స్పష్టంగా కనబడేదాకా ఆ రింగు తిప్పించింది. ఇక దాని జోలికి వెళ్ళొద్దంది. తర్వాత అట్ట వైపు చూస్తూ పక్క గుండీని పది దగ్గరికి తెమ్మంది.

"అంకె మీద ఆగిపోకండి. తల ఆడిస్తా సూడండి. గీత జరగడం మానేసిన కాడే దాని అసలు సోటు."

పది అంకె కొద్దిగా దాటాక గీత చుక్క మీద అతుక్కుపోయింది. తల ఎటు జరిపినా కదల్లేదు. ఆ పూట కాల్చిన తూట్లు ఒకదాన్నొకటి ఆనుకుని పడ్డాయి.

"అయితే చెయ్యి బాగానే ఉన్నట్టా?" అని అడిగాడు.

"స్కోపు సంగతి నాను సెప్పగల్ను అంకుల్. సెయ్యి సంగతి డాక్టరే సెప్పాలి."

ఆ మధ్యాహ్నం ఆంజనేయులు పుష్పకి అంతా చెప్పాడు. ఆవిడ మిషన్ ఆపి విన్నది. రెండు రోజులు తిరక్కుండా సీతమ్మధారలో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు నడిపించి చూశాడు, బొటనవేలికి చూపుడువేలు తట్టించాడు, కాగితం మీద జిలేబీ చుట్టలా గీత గీయించాడు. అందరి చేతుల్లోనూ ఉండే పాటి కదలికే తప్ప ప్రస్తుతానికి ఆ జబ్బు లక్షణాలు లేవన్నాడు. తండ్రికి ఉంది కాబట్టి ఏడాదికోసారి వచ్చి చూపించుకోమన్నాడు.

తిరుగు ప్రయాణంలో ఆటోలో కూర్చున్నాక అప్పుడు మొదలుపెట్టింది పుష్ప.

"ఇన్నాళ్ళూ ఒక్కరే మోసుకుంటూ తిరిగారా?"

"నాన్న చివరి రోజులు నువ్వూ చూశావు కదా."

"చూశాను కాబట్టే నాకు చెప్పాలి. ఆయన బట్టలు మార్చింది ఎవరు?"

ఆంజనేయులు తల వంచుకున్నాడు. ఇంటి దగ్గర దిగేటప్పుడు, మెట్టు ఎత్తుగా ఉందని, ఆవిడ చెయ్యి అందించింది.

తర్వాతి నెలలో క్లబ్బు పోటీ జరిగింది. పుష్ప కూడా వచ్చి, వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఒక జాకెట్టుకి హుక్కులు కుట్టుకుంది. ఆంజనేయులు ప్రతి అట్టకి ముందు తల ఓసారి ఆడించి, గీత నిలిచిందని చూసుకుని కాల్చాడు. పైడయ్యకి చివరి నుంచి రెండో స్థానం వచ్చింది. తప్పంతా ఫ్యాన్‌దే అన్నాడు. ఆంజనేయులు మధ్యలో ఎక్కడో నిలిచాడు.

"బహుమతి వచ్చిందా?" అని అడిగింది పుష్ప సంచీ సర్దుకుంటూ.

"రాలేదు."

"సరే, పదండి. మార్కెట్లో వంజరం చేప అయిపోతే మళ్ళీ సాయంత్రం దాకా రాదు" అని ఆవిడ ముందు నడిచింది. తుపాకీ సంచీ భుజాన వేసుకుని ఆయన వెనకే వెళ్ళాడు.